ఈస్టు లేని బ్రెడ్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా వారికి ఈస్టు పడదని డాక్టర్ పరీక్షలు చేయించి తేల్చారు. అప్పటినుంచి ఈస్టు లేని బ్రెడ్ కోసం తిరుగుతున్నాను. ఒక బేకరీలో సవర్‌డో బ్రెడ్ తీసుకోమన్నారు, ఇంకొక చోట గ్లూటెన్ ఫ్రీ అని రాసివున్న ప్యాకెట్ చేతిలో పెట్టారు. ఈ రెండింటిలో ఏది మాకు పనికొస్తుంది? వంటసోడాతో ఇంట్లో ఒకసారి చేసి చూస్తే బ్రెడ్ పసుపుపచ్చగా వచ్చి, తింటుంటే సబ్బు వాసన వేసింది. ఎక్కడ పొరపాటు జరిగిందో చెప్పగలరు.
– ఒక పాఠకురాలు

జవాబు: సవర్‌డో మీకు పనికిరాదు, గ్లూటెన్ ఫ్రీ అన్న మాటను బట్టి కూడా ఈస్టు లేదనుకోలేం. సవర్‌డో అంటే పిండి, నీళ్లు కలిపి రోజుల తరబడి పులియబెట్టిన ముద్దతో చేసే బ్రెడ్. దానికి పులుపునిచ్చేది బాక్టీరియా అయినా, పొంగించేది మాత్రం పిండిలో సహజంగా ఉండే ఈస్టే. బేకరీవారు ‘మేము ఈస్టు వేయలేదు’ అన్నారంటే అబద్ధమాడారని కాదు. ప్యాకెట్లలో అమ్మే ఈస్టు వేయలేదని వారి ఉద్దేశం. ఇక గ్లూటెన్ అనేది గోధుమలో ఉండే ప్రొటీన్. అది లేని బ్రెడ్‌లో కూడా పొంగడానికి చాలామంది ఈస్టే వేస్తారు. ఓవెన్ వేడికి ఈస్టు చచ్చిపోతుంది కదా అని ఎవరైనా ధైర్యం చెప్పవచ్చు. చచ్చిన ఈస్టు కూడా బ్రెడ్‌లోనే ఉంటుంది కనుక, మీవంటి వారికి ఆ మాట అక్కరకు రాదు.

కాబట్టి ప్యాకెట్ ముందువైపు పెద్ద అక్షరాలను వదిలేసి, వెనుక చిన్న అక్షరాలతో ఉండే పదార్థాల జాబితా చదవండి. ఈస్టు, ఈస్టు ఎక్స్‌ట్రాక్ట్, సవర్‌డో, పులియబెట్టిన గోధుమపిండి అనే మాటల్లో ఏది కనిపించినా పక్కన పెట్టేయండి. సోడియం బైకార్బొనేట్ (అంటే వంటసోడా) లేక బేకింగ్ పౌడర్ మాత్రమే ఉంటే, అది మీరు వెతుకుతున్న రకమే కావచ్చు. పలుచగా ఉన్న రొట్టెలన్నీ ఈస్టు లేనివని అనుకోవద్దు, వాటిలోనూ వేసేవారున్నారు. మీ వారిది అలర్జీ అని తేలింది కనుక, మామూలు బ్రెడ్ పిండి కలిపే పాత్రల్లోనే దీన్నీ కలుపుతారా అని కూడా అడిగి తెలుసుకోవాలి. ఆ ప్రశ్నకు సూటిగా జవాబు రాని చోట కొనకపోవడమే మేలు. ఇంత వెతుకులాట కంటే ఇంట్లో చేసుకోవడమే సులువని నా అభిప్రాయం, ఎందుకంటే మొత్తం పని గంటలో అయిపోతుంది.

మీ సబ్బు వాసన సంగతికి వస్తాను. వంటసోడాకు పులుపు తగలగానే అది బుసబుస పొంగి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. పులుపు చాలకపోయినా, సోడా ఎక్కువైనా, మిగిలిపోయిన సోడా ఓవెన్ వేడికి సోడియం కార్బొనేట్‌గా, అంటే చాకలి సోడాగా మారుతుంది. సబ్బు వాసన దానిదే. ఆ క్షారం తగిలి పిండిలోని రంగుపదార్థాలు పసుపుపచ్చగా మారతాయి. బాగా పొంగుతుందన్న ఆశతో ఒకసారి నేనూ అర స్పూను ఎక్కువ వేసి, ఆ బ్రెడ్‌ను ఎవరికీ పెట్టలేకపోయాను.

కొలతలు ఇవి: 250 గ్రాముల గోధుమపిండి లేక మైదా, అర టీస్పూను వంటసోడా, అర టీస్పూను ఉప్పు, 200 మిల్లీలీటర్ల పుల్లని చిక్కటి మజ్జిగ. సోడాను స్పూను అంచుకు సమంగా గీసి కొలవాలి, గుట్టగా తీయకూడదు. ముందు ఓవెన్‌ను 200 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కనివ్వండి. సోడాను, ఉప్పును పిండిలో వేసి రెండుసార్లు జల్లించండి, ఉండలు మిగిలితే బ్రెడ్‌లో గోధుమరంగు మచ్చలు పడతాయి. మజ్జిగ పోసి, పొడిపిండి కనబడకుండా పోయేవరకే కలపండి. ముద్ద చేతికి అంటుకుంటూ, గరుకుగా, ఇంకా పని మిగిలివున్నట్టే కనిపిస్తుంది. బాగా మర్దించాలని చేతులు ఉవ్విళ్లూరుతాయి. అక్కడే ఆగాలి. ఈస్టు పిండికి మర్దన బలాన్నిస్తుంది గాని, ఈ ముద్దకు చేస్తే గట్టిపడుతుంది, పుట్టిన వాయువూ బయటికి పోతుంది. గుండ్రంగా సర్ది, పైన కత్తితో అడ్డంగా, నిలువుగా లోతుగా గాటు పెట్టి, వెంటనే ఓవెన్‌లో పెట్టండి. మజ్జిగ తగిలిన క్షణం నుంచే పొంగు మొదలవుతుంది కాబట్టి, ముద్దను పక్కన ఉంచి మరో పనికి వెళ్లకూడదు. 35 నుంచి 40 నిమిషాల తరువాత తీసి, అడుగున వేలి కణుపుతో తడితే డొల్ల శబ్దం రావాలి. అరగంటైనా ఆరిన తరువాతే కోయండి. ఇది త్వరగా గట్టిపడుతుంది; మర్నాటికి మిగిలేటట్టుంటే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకోవడం మంచిది.

మజ్జిగ లేకపోతే 200 మిల్లీలీటర్ల పాలలో ఒక టేబుల్‌స్పూను నిమ్మరసం పిండి పది నిమిషాలు ఉంచండి. సోడాకు బదులు రెండున్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్ వేస్తే, అందులో ఆమ్లం ఎలాగూ ఉంటుంది కనుక మామూలు పాలే సరిపోతాయి.

మీ వెతుకులాట కొత్తదేమీ కాదు. జాన్ డాగ్లిష్ అనే డాక్టర్ ఈస్టును పూర్తిగా పక్కన పెట్టి, కార్బన్ డయాక్సైడ్‌ను ఒత్తిడితో పిండిలోకి ఎక్కించే పద్ధతిని కనిపెట్టి, 1862లో లండన్‌లో ఎయిరేటెడ్ బ్రెడ్ కంపెనీని స్థాపించాడు. ఆయన యంత్రం చేసిన పనినే మీ గిన్నెలో సోడా, మజ్జిగ చేస్తున్నాయి.

ప్రశ్న: సోడా బ్రెడ్‌లో పొద్దుతిరుగుడు గింజలు వేశాను. మర్నాడు కోస్తే గింజల చుట్టూ ఆకుపచ్చగా ఉంది. బూజు అనుకుని పారేశాను. సరైన పనేనా?
– మరొక పాఠకుడు

జవాబు: అది బూజు కాదు. ఆ గింజల్లోని క్లోరోజెనిక్ ఆమ్లం సోడా వల్ల కలిగిన క్షారంతో కలిసి ఆకుపచ్చగా మారుతుంది. దానివల్ల హాని లేదు, నిశ్చింతగా తినవచ్చు. రంగు నచ్చకపోతే ఈసారి సోడాను చిటికెడు తగ్గించి చూడండి. పచ్చదనం లోపల గింజ చుట్టూ కాక, పైన నూగులాగా కనిపిస్తే మాత్రం అది బూజే, అప్పుడు మొత్తం పారేయండి.