పెద్దవాళ్ళని ట్యూనా వేటకి తీసుకెళ్ళాలంటే టెన్షన్‌గా ఉంది

ప్రశ్న: మా తాతగారు శ్రీకాకుళం నుంచి అండమాన్ వచ్చి స్థిరపడ్డారు. ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్‌లో గాలం వేటకి టూరిస్టుల్ని తీసుకెళ్ళే బోటు నడుపుతున్నాను. జనవరిలో బెంగళూరు నుంచి నలుగురు వస్తున్నారు, అందరూ 68 దాటినవాళ్ళే, ఒకాయనకి స్టెంట్ ఉందట. బారెన్ ఐలాండ్ దాకా వెళ్ళి పెద్ద ట్యూనా పట్టాల్సిందేనంటున్నారు. ఏం చేయమంటారు సార్?

జవాబు: తమ్ముడూ, ముందు బారెన్ సంగతి. అది మీ ఊరికి దాదాపు 135 కిలోమీటర్లు. అక్కడ ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రికి చేరేసరికి గంటలు పడుతుంది, ఫోన్ కలవదు. మొదటిరోజు ఒడ్డుకి దగ్గర్లోనే ఓ పూట తిప్పు. ఎవరు నిలబడగలరో, ఎవరికి వాంతులో తెలిసిపోతుంది, బారెన్ మాట ఆ తర్వాత. స్టెంట్ ఆయన మాత్రం గుండె డాక్టర్ సరేనంటేనే బోటెక్కాలి. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే గాలం గుచ్చుకున్నా రక్తం ఓ పట్టాన ఆగదు. ఇవన్నీ నలుగురి ముందు అడక్కు, నిజం చెప్పరు. ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి అడుగు.

అసలు భయం చేప కాదు, నీళ్ళు తాగకపోవడం. ఓసారి నా బోటులో ఓ పెద్దాయన మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి కూలబడ్డాడు. ఎండ దెబ్బేమో అనుకున్నాం, తీరా చూస్తే పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్ళు తాగలేదు! ఊగే బోటు అంచున నిలబడి మూత్రానికి పోవాలంటే భయం, అడగాలంటే సిగ్గు, అందుకని తాగడమే మానేశాడు, పైగా బీపీకి నీరు పోయే మాత్ర వేసుకుని వచ్చాడు. ఆ రోజు తప్పు నాదే. కాబట్టి చాటు ఉన్న చోటు, పట్టుకోవడానికి గట్టి కడ్డీ ఏర్పాటు చేసి, బోటు కదలకముందే చూపించు, గంటకోసారి నువ్వే సీసా చేతికివ్వు. వాంతుల మాత్ర డాక్టర్‌ని అడక్కుండా ఇవ్వకు, వాటిలో కొన్నిటికి మత్తొస్తుంది, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్ళకి మూత్రం బిగుసుకుపోవచ్చు.

ఇక చేప. డాగ్‌టూత్ ట్యూనా జోలికి వెళ్ళకు, గాలం పడగానే అది అడుగున రాళ్ళలోకి దూకుతుంది, బలంగా ఆపకపోతే దారం తెగుతుంది, ఆ బలం 70 ఏళ్ళ నడుముకి వద్దు. మన సూర చేపల్లో ఎల్లోఫిన్ నయం, లోతు నీళ్ళలో పరిగెత్తనిచ్చి బోటుతోనే వెంట పోవచ్చు. డ్రాగ్, అంటే చేప దారం లాక్కుపోకుండా రీలు పట్టే బిగువు, మామూలుగా దారం తెగే బరువులో మూడో వంతు పెడతాం కదా, వీళ్ళకి పావు వంతు చాలు. చివర్లో చేప బోటు కింద గుండ్రంగా తిరుగుతుంది, పైకొస్తున్నప్పుడే దారం చుట్టమను, దిగుతున్నప్పుడు ఊరుకోమను. జీను (రాడ్ బరువు ఒంటి మీద ఆపే పట్టీ) కట్టినవాళ్ళ వెనక నడుం పట్టుకుని ఒక మనిషి ఉండాల్సిందే. అలిసిపోతే రాడ్ ఇంకొకరికి మార్చెయ్. ఇంకొకరు ముడితే ఐజీఎఫ్ఏ (గాలం వేట ప్రపంచ రికార్డులు నమోదు చేసే సంస్థ) రికార్డుకి పనికిరాదని ఎవరో ఒకరు సణుగుతారు, సణగనీ.

పట్టిన వెంటనే రక్తం తీసి ఐసు నీళ్ళలో ముంచు. ఎండలో వదిలేస్తే మాంసంలో హిస్టమిన్ అనే, తిన్నవాళ్ళకి జబ్బు చేసే పదార్థం తయారవుతుంది, అది వండినా పోదు. పొద్దున ఫొటోలకని గంటసేపు డెక్ మీద పెట్టిన చేపని సాయంత్రం ఆ నలుగురికీ పులుసు చేసి పెట్టకు.