ఏఐ ఐరన్ టానిక్ వేయమంది: ముందు ఈ లెక్క చూడండి

పాప హిమోగ్లోబిన్ 10.6 అంటే చాట్‌బాట్ ఐరన్ టానిక్ వేయమందని రాశారు కదండీ. సగం తప్పే దానిది. మీరిచ్చింది ఒక్క అంకె. సీబీసీ (రక్తకణాల లెక్కలు చెప్పే పరీక్ష) రిపోర్టు మొత్తం ఇచ్చి అడగండి. ఫొటో ఎక్కిస్తే ఒక్కోసారి దశాంశ బిందువు మింగేస్తుంది, అంకెలు టైప్ చేయండి.

మీ రిపోర్టులో ఎంసీవీ (ఎర్రకణం సగటు సైజు) 62, ఆర్‌బీసీ (ఎర్రకణాల సంఖ్య) 5.6. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 11 చిల్లర. ఇదే మెంట్జర్ ఇండెక్స్. 13 కంటే తగ్గితే తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారవని వంశపారంపర్య జబ్బు) క్యారియరేమోనని అనుమానించాలి. ఏఐ ఇక్కడిదాకే. తేల్చేది హెచ్‌పీఎల్‌సీ, అంటే హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే రక్తపరీక్ష: అందులో హెచ్‌బీఏ2 అనే రకం 3.5 శాతం దాటితే దాదాపు బీటా తలసీమియా ట్రెయిటే, అంటే క్యారియరే. దాంతోపాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష) కూడా చేయించండి. ఐరన్ బాగా తక్కువుంటే ఏ2 కిందికి జారి, ట్రెయిట్ ఉన్నా రిపోర్టు నార్మల్‌లా కనబడుతుంది. ఆ రెండూ పిల్లల డాక్టరుకు చూపించేదాకా టానిక్ మొదలెట్టకండి.