అరువు పాత్రతో నవల రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

పాత సిరీస్‌లోని డిటెక్టివ్‌ని ముసలివాణ్ని చేసి నవల రాస్తున్నానన్నావు. కథ సంగతి తర్వాత చూద్దాం, ముందు కాపీరైట్ హక్కుల సంగతి తేల్చుకో.

డబ్బు తీసుకోవట్లేదనీ, అసలు రచయిత పేరు వేశాననీ ధీమాగా ఉన్నావు. పేరు వేయడం మర్యాద, అంతే. అది అనుమతి కాదు. ఉచితంగా పంచినా కేసు పడొచ్చు.

మొదట రెండు ఏళ్లు పట్టుకో: రచయిత పోయిన ఏడాది, పుస్తకం తొలిసారి అచ్చయిన ఏడాది. కాపీరైట్ గడువు భారత చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్లు, బ్రిటన్‌లో 70. లెక్క మరుసటి జనవరి 1 నుంచి మొదలవుతుంది. అమెరికాలో 1978కి ముందు అచ్చయినవాటికి గరిష్ఠంగా 95 ఏళ్లు, అదీ అచ్చయిన ఏడాది నుంచి. ఒకచోట గడువు తీరిన పుస్తకం ఇంకోచోట తీరకపోవచ్చు.

సిరీస్ అయితే చిక్కు ఎక్కువ. షెర్లాక్ హోమ్స్ విషయంలో 2014లో అమెరికా అప్పీలు కోర్టు, పాత కథల్లోని హోమ్స్‌ని ఎవరైనా వాడుకోవచ్చనీ, గడువు తీరని చివరి కథల్లో కొత్తగా చేరిన అంశాలకే రక్షణ ఉందనీ చెప్పింది. కాబట్టి ఒక కాగితం మీద రెండు గడులు గీయి. ఎడమవైపు నువ్వు వాడుకున్న ప్రతి లక్షణం: పేరు, ఊతపదం, కుంటి నడక, చనిపోయిన తమ్ముడు. కుడివైపు అది మొదట ఏ పుస్తకంలో, ఏ ఏడాది వచ్చిందో. గడువు తీరని లక్షణం కనిపిస్తే కథలోంచి తీసెయ్.

అసలు గడువే తీరకపోతే? నిజాయతీ గల డిటెక్టివ్ అనే ఊహ ఎవరి సొత్తూ కాదు. పేరూ, మాటతీరూ, గతమూ, బలహీనతలూ కలిస్తే మాత్రం అది ఒకరి పాత్ర. పేరు ఒక్కటీ మార్చి ఊరుకోకు. పేర్లు మార్చిన అధ్యాయాన్ని ఆ సిరీస్ బాగా తెలిసినవాళ్లకు ఇవ్వు. రెండు పేజీల్లో గుర్తుపట్టేస్తే అసలు పాత్ర ఇంకా చెరగలేదన్నమాట.

"ముసలివాణ్ని చేశాను కదా, ఇది కొత్తే" అనే వాదన నాకు బలహీనంగానే కనిపిస్తోంది. అమెరికన్ రచయిత శాలింజర్ 'ది క్యాచర్ ఇన్ ది రై' నవలలో సృష్టించిన కుర్రాడు హోల్డెన్‌ని 76 ఏళ్లవాడిగా చూపిన వేరొకరి నవల మీద 2009లో కేసు పడింది. ఇది పేరడీ, అంటే మూలాన్ని ఎగతాళి చేసే అనుకరణ, అన్న వాదన కింది కోర్టులో నిలవలేదు. చివరికి రాజీలో, మూల నవల గడువు తీరేదాకా అమెరికా, కెనడాల్లో అమ్మనని ఆ కొత్త నవల రచయిత ఒప్పుకోవాల్సి వచ్చింది.

అనుమతి అడిగేటప్పుడు ప్రచురణకర్త సరేనంటే సరిపోదు. వాళ్ల దగ్గర అచ్చు హక్కు మాత్రమే ఉండొచ్చు, మిగతావి వారసుల దగ్గర ఉంటాయి. ఏ పాత్ర, ఏ భాష, అచ్చా ఈబుక్కా ఆడియోనా, ఎన్నేళ్లు, నువ్వు పుట్టించిన పాత్రలు ఎవరివి, ఇవన్నీ కాగితం మీద ఉండాలి.

నోటీసు వస్తే ఆ రాత్రే జవాబు రాయకు. "క్షమించండి, కాపీ కొట్టాను" అని మెసేజ్ పెడితే అదే నీ మీద సాక్ష్యం. తేదీలున్న చిత్తుప్రతులు ఒక్కటీ చెరపకు. పంపినవాళ్లు నిజంగా హక్కుదారులేనా, ఏ భాగం మీద అభ్యంతరమో స్పష్టంగా చెప్పారా చూసి, ఆ కాగితాలతో లాయర్ దగ్గరికి వెళ్లు. ఫిర్యాదు మీద సైటు కథను తీసేసినా కంగారుపడకు. భారత చట్టం ప్రకారం ఫిర్యాదుదారు 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే సైటు దాన్ని మళ్లీ పెట్టుకోవచ్చు. ఈలోగా వేరే సైటులో మాత్రం పెట్టకు.