‘ఫొటో అంటేనే భయం, అద్దం అంటేనే ఏడుపు... ఏం చేయాలి?’

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. ఎత్తు 158 సెంటీమీటర్లు. రెండో కాన్పు తర్వాత 14 కిలోలు పెరిగి 74కు చేరాను. బాబుకు మూడేళ్లొచ్చినా తగ్గలేదు. ఉదయం ఏమీ తినను, మధ్యాహ్నం కొంచెమే తింటాను. రాత్రి పిల్లలు పడుకున్నాక మాత్రం ఏది దొరికితే అది తినేస్తాను. ఆ తర్వాత నా మీద నాకే అసహ్యం వేస్తుంది. రోజుకు నాలుగైదు సార్లు బరువు చూసుకుంటాను. జిమ్‌లో చేరి మూడు నెలలకే మానేశాను. ఫొటోలు దిగడం లేదు, నలుగురిలోకీ వెళ్లడం లేదు. మా అక్క కనిపించినప్పుడల్లా ‘ఇంకా లావయ్యావేంటే’ అంటుంది. మావారు ‘నీ మంచికే చెబుతున్నా’ అంటూ నా కంచంలోకి చూస్తారు. మొన్న మా ఎనిమిదేళ్ల పాప అద్దం ముందు పొట్ట లోపలికి లాక్కుని నిలబడి ‘అమ్మా, నేనూ లావేనా?’ అంది. నాకు నోట మాట రాలేదు. నాలో పట్టుదల లేకపోవడం వల్లే ఇదంతా అనిపిస్తోంది. దారి చూపించండి.

జవాబు: పట్టుదల లేనివాళ్లు రోజూ మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా ఉండలేరు. మీకు పట్టుదల ఉంది, అది తప్పుచోట ఖర్చవుతోంది. రాత్రి తినేయడాన్ని మీరు బలహీనత అనుకుంటున్నారు. పగలంతా తిండి సరిపోని శరీరం రాత్రికి చేసే పని అది. ఊపిరి బిగబట్టిన మనిషి వదిలాక రొప్పినట్టే. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ బృందం ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు దాదాపు ఆరు నెలలపాటు తిండిని ఇంచుమించు సగానికి తగ్గించింది. వాళ్లకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. చిరాకు, దిగులు పెరిగాయి. ఆంక్షలు ఎత్తేశాక చాలామంది కడుపు నిండా తిన్నా ఆకలి తీరలేదన్నారు. పట్టుదలతో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన యువకుల పరిస్థితే అలా అయింది. ఇద్దరు పిల్లల్ని చూసుకుంటూ, నిద్ర చాలక, అర్ధాకలితో ఉన్న మీకు రాత్రి తొమ్మిదింటికి చేయి ఆగకపోవడంలో వింతేముంది?

అందుకే మొదటి రెండు వారాలు బరువు తగ్గే ప్రయత్నమే చేయొద్దు. వేళకు తినడం ఒక్కటే పని. మూడు పూటలా భోజనం, మధ్యలో ఒకటి రెండు చిరుతిళ్లు, ఏ రెండింటి మధ్యా నాలుగు గంటలకు మించి ఖాళీ ఉండకూడదు. ఉదయం ఆకలి వేయదని మీకు అనిపించవచ్చు. రాత్రి ఎక్కువ తినడం వల్ల అలా ఉంటుంది. సగం పరిమాణంతోనే మొదలుపెట్టండి, రాత్రి తిండి తగ్గేకొద్దీ ఉదయం ఆకలి దానంతటదే తిరిగి వస్తుంది. ప్రతి పూటా ప్రొటీన్ ఉండాలి. కిలో బరువుకు 0.8 గ్రాముల లెక్కన మీకు రోజుకు కనీసం 60 గ్రాములు కావాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఆరేడు గ్రాములు, కప్పు ఉడికించిన పప్పుల్లో దాదాపు 15 గ్రాములు ఉంటుంది. కంచంలో సగం కూరగాయలు, పావు భాగం ప్రొటీన్, పావు భాగం ధాన్యం ఉంటే విడిగా లెక్కలు అక్కర్లేదు.

చాలామంది తడబడేది సాయంత్రం దగ్గరే. ‘ఎలాగూ రాత్రి తింటాం కదా, ఇప్పుడెందుకు’ అని ఐదింటికి చిరుతిండి ఎగ్గొడతారు. ఆ ఎగ్గొట్టినదే పిల్లలు పడుకున్నాక మూడింతలై తిరిగొస్తుంది. ఐదు, ఐదున్నర మధ్య ఏం తింటారో పొద్దున్నే తీసి పక్కన పెట్టేసుకోండి. రాత్రి మళ్లీ తినాలనిపిస్తే తినండి, కానీ కంచంలో పెట్టుకుని, కూర్చుని తినండి. ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడి, ప్యాకెట్‌లో చేయి పెట్టి తింటే ఎంత తిన్నామో మెదడుకు అందదు. ఒకవేళ ఎక్కువ తిన్నా సరే, మర్నాడు ఉదయం తినడం మాత్రం మానొద్దు. ‘రాత్రి తిన్నాగా, ఇవాళ మానేస్తా’ అనుకున్న క్షణం నుంచే మర్నాటి రాత్రి తిండికి పునాది పడుతుంది. మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటీ పాటించండి.

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. కేలరీలు రాయొద్దు. ఎప్పుడు తిన్నారు, ఏం తిన్నారు, దానికి ముందు ఉన్నది ఆకలా, అలసటా, ఎవరైనా అన్న మాటా, ఈ మూడే రాయండి. పది రోజులు రాస్తే ఒక సంగతి బయటపడవచ్చు. పిల్లలు పడుకున్నాక దొరికే ఆ గంటే రోజంతటికీ మీకంటూ ఉన్న సమయం, అందులో మీకు తెలిసిన ఏకైక విశ్రాంతి తిండే అయి ఉండవచ్చు. అలా అయితే తిండి మీద ఆంక్షలు పెట్టి లాభం లేదు. సాయంత్రం అరగంట పిల్లల బాధ్యత మీవారు తీసుకోవాలి. ఆ అరగంట మీది, అందులో ఇంటి పని చేయకూడదు.

ఇక బరువు సంగతి. లీటరు నీళ్లు తాగితే కిలో పెరుగుతారు. ఉప్పు ఎక్కువైన మర్నాడు, నెలసరికి ముందు, విరేచనం కాని రోజు శరీరంలో నీరో మలమో నిలిచి అంకె పైకి వెళ్తుంది. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం ఒక్కో గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. కఠినమైన డైట్ మొదటి వారంలో రెండు మూడు కిలోలు ‘తగ్గడం’ చాలావరకు ఆ నీరు పోవడమే. మామూలుగా తినగానే తిరిగొస్తుంది, మనం ఓడిపోయామనుకుంటాం. ఉదయానికీ రాత్రికీ ఒకటి రెండు కిలోల తేడా సహజం. అంటే రోజుకు ఐదుసార్లు మీరు కొలుస్తున్నది నీటిని, దాన్ని చూసి ఏడుస్తున్నారు.

వారానికి ఒకే రోజు, ఉదయం బాత్రూముకు వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో చూసి రాసుకోండి. ఏ ఒక్క వారాన్నీ పట్టించుకోకుండా నాలుగు వారాల వరుసను చూడండి. అది కూడా రోజంతా పాడుచేస్తుంటే వెయింగ్ మెషిన్‌ను నెల రోజులు మీకు కనబడకుండా దాచమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. దానికంటే నడుం కొలత నయం. చివరి పక్కటెముకకూ, తుంటి ఎముక పై అంచుకూ మధ్యలో టేపు చుట్టి, మామూలుగా గాలి వదిలాక కొలవండి. పొట్ట లాక్కోవద్దు, టేపు బిగించొద్దు. నడుం ఎత్తులో సగానికి లోపుంటే మంచిది, మీ లెక్కన 79 సెంటీమీటర్లు. నెలకోసారి కొలిస్తే చాలు. రెండు వారాల తర్వాత తగ్గే ప్రయత్నం మొదలుపెట్టినా వారానికి అరకిలో తగ్గితే చాలు. పాత 60 కిలోలకు చేరితేనే ఆరోగ్యం అనుకోకండి. బరువులో ఐదు శాతం, అంటే నాలుగు కిలోల లోపు తగ్గినా బీపీ, షుగర్ మెరుగుపడటం మొదలవుతుంది.

ఈలోగా ఒకసారి డాక్టర్‌ను కలవండి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. నెలసరి క్రమం తప్పినా, గడ్డం మీద వెంట్రుకలు పెరిగినా తప్పకుండా చెప్పండి, పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉందేమో చూస్తారు. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వైద్యం మందులు కూడా బరువు పెంచుతాయి. అలాంటివి వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి, మార్చవచ్చా అని అడగండి.

జిమ్ మానేశారని బాధపడొద్దు. అర్ధాకలితో వెళ్లి, మెషిన్ మీద అంకె కోసం వ్యాయామం చేసేవాళ్లు చాలామంది మధ్యలోనే మానేస్తారు. వ్యాయామం ఒక్కదానితో బరువు నెమ్మదిగానే తగ్గుతుంది, కానీ నిద్ర, మనసు, గుండె, షుగర్ దానికంటే చాలా ముందే బాగుపడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం. అక్కడికి ఒక్కసారిగా దూకకండి. భోజనం తర్వాత పది నిమిషాల నడకతో మొదలుపెట్టి వారానికి ఐదు నిమిషాలు పెంచండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ వేగం సరైనది.

వారానికి రెండుసార్లు ఇంట్లోనే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు పెట్టి పుష్‌అప్స్, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి తుంటి పైకెత్తడం చేయండి. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు విడతలు. ప్రతి విడతలో చివరి రెండుసార్లూ కష్టంగా ఉండాలి. పన్నెండూ తేలికైతే గోడ బదులు బల్ల అంచు వాడండి. ఒక జాగ్రత్త: దగ్గినా తుమ్మినా మూత్రం చుక్క పడుతున్నా, పడుకుని లేచేటప్పుడు పొట్ట మధ్యలో గీతలా ఉబ్బుతున్నా గెంతడాలు, పొట్ట క్రంచెస్ వద్దు. కాన్పు తర్వాత చాలామందికి ఉండే ఇబ్బందే ఇది. మూడేళ్లయినా ఫిజియోథెరపిస్టు దగ్గర కటి కండరాల వ్యాయామాలు నేర్చుకుంటే మెరుగవుతుంది. ఫలితాన్ని కిలోల్లో కాకుండా, మెట్లెక్కితే ఎంత ఆయాసం వస్తోంది, కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలుగుతున్నాను అని చూసుకోండి. నిద్ర ఏడు గంటలకు తగ్గితే మర్నాడు ఆకలి పెరుగుతుంది, అదీ గుర్తుంచుకోండి.

ఇప్పుడు అద్దం దగ్గరికొద్దాం. అద్దాన్ని తప్పించుకునేవాళ్లే చాటుగా పొట్ట పట్టుకు చూసుకోవడం, పక్కవాళ్ల నడుంతో పోల్చుకోవడం చేస్తుంటారు. రెండూ ఒకే భయాన్ని పెంచుతాయి. ఒంట్లో ఏ ఒక్క భాగాన్ని ఎంతసేపు వెతికినట్టు చూస్తే అది మన కంటికి అంత పెద్దదవుతుంది. వారానికి మూడు నాలుగుసార్లు నిలువుటద్దానికి నాలుగైదు అడుగుల దూరంలో నిలబడి, తల నుంచి పాదాల దాకా ఐదు నిమిషాలు చూస్తూ కనిపించింది కనిపించినట్టు పైకి చెప్పండి. ఒక చిత్రకారుడికి ఫోన్‌లో వర్ణిస్తున్నామనుకోండి. ‘భుజాలు గుండ్రంగా ఉన్నాయి, పొట్ట ముందుకు వచ్చింది, దాని మీద లేత చారలున్నాయి’ అనవచ్చు. ‘అసహ్యంగా’ అనే మాట వస్తే వదిలేసి మళ్లీ ఆకారమో రంగో చెప్పండి. పొట్ట దగ్గర ఆగిపోకుండా మోకాళ్లకు, పాదాలకు కూడా అంతే సమయం ఇవ్వండి. మొదట్లో బాధ పెరుగుతుంది. బాధ ఎక్కువగా ఉన్నప్పుడు పారిపోకుండా కాస్త తగ్గేదాకా ఆగండి, అలా చేసేకొద్దీ దాని పదును పోతుంది. ఏడుపు ఆగక రోజంతా కుంగదీస్తుంటే ఒంటరిగా చేయొద్దు, సైకాలజిస్టు తోడుతో చేయండి.

సెల్ఫీని సాక్ష్యంగా తీసుకోకండి. ముఖానికి దగ్గరగా పెట్టిన కెమెరా ముక్కును, మధ్యభాగాన్ని ఉన్నదానికంటే పెద్దవిగా చూపిస్తుంది. పట్టని పాత బట్టలు కళ్లెదుట ఉంచుకోవద్దు. ఇప్పటి కొలతకు సరిపోయేవి రెండు మూడు జతలు తీసుకోండి. నడుం దగ్గర బిగుతుగా కోసుకునే బట్ట కూర్చున్న ప్రతిసారీ పొట్టను గుర్తుచేస్తుంది. ‘తగ్గాక చేద్దాం’ అని వాయిదా వేసినవన్నీ ఒక కాగితం మీద రాసి, అందులో ఒకటి ఈ వారమే చేయండి. పిల్లలతో ఒక ఫొటోతో మొదలుపెట్టినా మంచిదే.

మీవారితో ‘నాకు అండగా ఉండండి’ అంటే ఆయనకు ఏం చేయాలో తెలియదు. ‘నేను తినేటప్పుడు నా కంచం గురించి మాట్లాడొద్దు. తగ్గానని మెచ్చుకోవడం కూడా వద్దు. సాయంత్రం అరగంట పిల్లల్ని చూడండి. రాత్రి భోజనమయ్యాక నాతో పది నిమిషాలు నడవండి’ అని విడమరచి చెప్పండి. కంచం మీద నిఘా ఉన్న ఇంట్లో మనిషి చాటుగా తింటాడు, అది కూడా చెప్పండి. మీ అక్కతో వాదన పెట్టుకోవద్దు. ‘అక్కా, నా ఒంటి గురించి మాట్లాడుకోవద్దు. ఇంకేంటి సంగతులు?’ అనండి. మళ్లీ అంటే మళ్లీ అదే వాక్యం, సంజాయిషీ లేకుండా. మూడోసారీ అంటే పనుందని లేచి వచ్చేయండి. పాప ముందు అలా అంటే మాత్రం మూడోసారి దాకా ఆగకండి.

పాపకు జవాబివ్వలేదని చింతించకండి, ఇప్పుడైనా ఇవ్వవచ్చు. ‘ఛ, నువ్వు లావేంటి, బంగారంలా ఉన్నావు’ అనాలనిపిస్తుంది. అలా అంటే లావు అనేది భయపడాల్సిన తప్పని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. ముందు అడగండి: ‘మొన్న అలా అడిగావు కదా, ఎవరైనా ఏమన్నా అన్నారా?’ బడిలో ఎవరో ఏడిపిస్తూ ఉండవచ్చు, లేదా మీరు అద్దం ముందు అనుకునే మాటలే విని ఉండవచ్చు. తర్వాత చెప్పండి: ‘ఒళ్లు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. నీ ఒళ్లు ఇప్పుడు ఎదుగుతోంది. అమ్మ తన ఒంటిని తిట్టుకుంది, అది మంచి పని కాదు, ఇక అనను.’ ఈ వయసు నుంచి యుక్తవయసు వచ్చేలోపు పిల్లలు కాస్త ఒళ్లు చేయడం మామూలే. ఆమె కంచం తగ్గించొద్దు, తనకొక తిండి, తమ్ముడికొక తిండి పెట్టొద్దు. నిజంగా సందేహముంటే పిల్లల డాక్టర్‌తో ఎదుగుదల చార్టు చూపించుకుని మాట్లాడండి, పాప వినని చోట.

మీ ఉత్తరంలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది రాత్రి ఆపుకోలేక తినడమే. అలా వారానికి ఒక్కసారైనా, మూడు నెలలుగా జరుగుతుంటే అది చికిత్స ఉన్న సమస్య, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే చికిత్స) బాగా పనిచేస్తుంది. తిన్నది కక్కడం, విరేచనాల మందులు వాడటం, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి ఉంటే పైన చెప్పినవేవీ ప్రయత్నిస్తూ కూర్చోకుండా ఈ వారమే సైకియాట్రిస్టును కలవండి. చచ్చిపోవాలనిపిస్తే ఆ రోజే, ఇంట్లోవాళ్లకు చెప్పి, వాళ్లను తోడు తీసుకుని వెళ్లండి. ఇవేవీ లేకపోతే ఆరు వారాలు వేళకు తిని చూడండి. రాత్రి తిండి అప్పటికీ తగ్గకపోతే మీరు రాసుకున్న పుస్తకం పట్టుకుని క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. మొదటి రోజు వాళ్లు అడిగే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు అందులోనే దొరుకుతుంది.