వర్క్‌షాప్‌కి వెళ్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ మెయిల్ నిన్న రాత్రి చదివాను. స్క్రీన్‌ప్లే వర్క్‌షాప్‌లో సీటు వచ్చిందన్నమాట, చాలా సంతోషం. చిన్నప్పుడు సూర్యాపేటలో మొదటి ఆట టికెట్ కోసం చొక్కా చింపుకుని మరీ చూసిన హీరో, ఇప్పుడు హైదరాబాద్‌లో నీ ఎదురుగా కూర్చుని స్క్రీన్‌ప్లే గురించి మాట్లాడతాడంటే నిద్ర పట్టడం లేదని రాశావు. ఎలా పడుతుంది మరి! ఫీజు సంగతి అడిగావు. అప్పు చేయాల్సొస్తే మాత్రం వద్దనేదాన్ని, కృష్ణానగర్ రూము అద్దె ఆపి కట్టడం అసలే వద్దనేదాన్ని. దాచుకున్న డబ్బే అంటున్నావు కాబట్టి నిశ్చింతగా వెళ్ళు.

అయితే మెయిల్ చివర్లో "బౌండ్ స్క్రిప్ట్ కూడా బ్యాగులో పెట్టుకెళ్తాను అక్కా, వీలు దొరికితే ఆయన చేతికిచ్చేస్తాను" అని ఒక మాట రాశావు. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

పెట్టుకెళ్ళకు. బ్యాగులో స్క్రిప్ట్ ఉంటే నీ ధ్యాసంతా దాని మీదే ఉంటుంది. ఆయన టీకి లేస్తాడా, కారు దాకా ఒంటరిగా నడుస్తాడా, మేనేజర్ పక్కన లేని రెండు నిమిషాలు దొరుకుతాయా అని చూస్తూ కూర్చుంటావు, చెప్పింది ఒక్క ముక్క చెవికెక్కదు. ఆ హాల్లో ఉన్నవాళ్ళలో చాలామంది బ్యాగుల్లో అదే ఉంటుంది, అది ఆయనకీ తెలుసు. పైగా మన దగ్గర పెద్ద హీరో దాకా కథ వెళ్ళే దారి వేరు. ఒక డైరెక్టరో నిర్మాతో నమ్మాలి, కథ మీద కూర్చుని చర్చించే సిట్టింగ్స్ జరగాలి, ఆ తర్వాత నేరేషన్, అంటే హీరోకి కథ చెప్పి వినిపించడం. ముక్కూమొహం తెలియనివాళ్ళ స్క్రిప్ట్ తీసుకుంటే రేపు కథ కాపీ కొట్టారన్న గొడవ వస్తుందని చాలామంది అసలు ముట్టుకోరు. అందులో నిన్ను తక్కువ చేయడం ఏమీ లేదు.

మరి ఎందుకు వెళ్ళాలి అంటావా? మనకు తెలియంది, ఆయనకు మాత్రమే తెలిసింది ఒకటుంది, దాని కోసం వెళ్ళాలి. మనం రాసిన కాగితం నటుడి చేతిలో పడ్డాక ఏమవుతుందో నాకు బయటి నుంచి తెలుసు, ఆయనకు లోపలి నుంచి తెలుసు. మూడంకాలు, కథను మలుపు తిప్పే ప్లాట్ పాయింట్లు, అమెరికా రచయిత సిడ్ ఫీల్డ్ 1979లో తన పుస్తకంలో గీసి చూపించిన ఆ నిర్మాణం, ఇవన్నీ నీకు ఇంకెక్కడైనా దొరుకుతాయి. మన నాట్యశాస్త్రం చెప్పిన ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అనే అయిదు సంధుల గురించి, అంటే కథ నడిచే అయిదు దశల గురించి, నీకు ఇంతకుముందే చెప్పాను. మనకు ఇంటర్వెల్ అనేది ఒకటుందని, లైట్లు వేసి జనాన్ని బయటికి పంపి మళ్ళీ లోపలికి రప్పించాలంటే దానికి తగ్గట్టు సగం దగ్గర కథ కట్టాలని, అది అమెరికా పుస్తకాల్లో ఉండదని కూడా నీకు తెలుసు. వీటి గురించి ఆయన చెప్తే రాసుకో, కానీ ప్రశ్న అడిగే అవకాశం వస్తే దాన్ని వీటి మీద ఖర్చు చేయొద్దు.

ఆయన ఎన్నేళ్ళుగానో కథలు వింటున్న మనిషి. మన ఇండస్ట్రీలో కథ చదివేవాళ్ళకంటే వినేవాళ్ళు ఎక్కువ, రెండు గంటల నేరేషన్ విని ఔననో కాదనో తేల్చేస్తారు. కాబట్టి వినేటప్పుడు ఆయన మనసు ఎక్కడ పక్కకు పోతుందో అడుగు. విన్నప్పుడు బ్రహ్మాండంగా ఉన్న సీను సెట్లో సీన్ పేపర్ చేతికొచ్చాక చప్పగా అయిపోయిన సందర్భం ఉందా, ఎందుకలా అయింది అని అడుగు. ఏ డైలాగ్ తీసేయమన్నాడు, దాని బదులు ఏం చేశాడు అని అడుగు. "మీకు ఎలాంటి కథలు ఇష్టం సార్" అని మాత్రం అడగొద్దు. మంచి కథ ఏదైనా ఇష్టమే అంటాడు, ఇంకేం చెప్తాడు పాపం.

ఈ అడగడం ఎంత విలువైందో నేను ఒక సీనియర్ క్యారెక్టర్ ఆర్టిస్ట్ దగ్గర తెలుసుకున్నాను. షూటింగ్ పొద్దున సీన్ పేపర్ ఇస్తే ఆయన డైలాగుల జోలికే పోలేదు. పెన్సిల్ తీసుకుని నా మొదటి డైలాగ్‌కి ముందు చిన్న గీత గీసి, "అమ్మా, ఈ మాట అనే ముందు నేనేం చేస్తుంటాను?" అన్నాడు. తండ్రి పాత్ర, పెళ్ళిచూపుల తర్వాత కూతురితో మాట్లాడే సీను. వచ్చినవాళ్ళు తాగిన కాఫీ గ్లాసులు ట్రేలో సర్దుతుంటారు అన్నాను. అంతే, ఆయన ముఖం వెలిగిపోయింది. షాట్‌లో ఒక్కో గ్లాసూ ట్రేలో పెడుతూ, అబ్బాయి ముట్టుకోకుండా వదిలేసిన నిండు గ్లాసు దగ్గర ఆగి, దాన్ని చూసి, అప్పుడు కూతురి వైపు చూశాడు. నేను రాసిన రెండు వాక్యాల డైలాగ్ ఆ చూపులోనే అయిపోయింది. "ఇది చెప్పక్కర్లేదు కదమ్మా" అని మళ్ళీ నన్నే అడిగాడు, అక్కర్లేదన్నాను. వెనకాల ప్రాంప్టింగ్ ఇవ్వడానికి రెడీగా నిలబడ్డ అసిస్టెంట్ డైరెక్టర్ కాగితం మడిచేశాడు. అప్పట్నుంచి ఏ డైలాగ్ రాసినా ఆ పెన్సిల్ గీత నాకు కనిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు నువ్వు పంపిన సీను తీసుకుందాం. ఉద్యోగం పోయిన కొడుకు ఇంట్లో చెప్పలేక రోజూ లంచ్ బాక్స్ పట్టుకుని బయల్దేరి ఇందిరా పార్కులో కూర్చుంటాడు, ఒకరోజు తండ్రి చూసేస్తాడు, ఆ రాత్రి ఇంట్లో ఇద్దరికీ గొడవ. ఆలోచన చాలా బాగుంది తమ్ముడూ, మనసుకి తగిలింది. మాటలు కూడా కొన్ని నిజంగా బాగున్నాయి. కానీ "నా మీద నమ్మకం లేదురా నీకు" అని మొదలుపెట్టి తండ్రి పేజీన్నర మాట్లాడుతుంటే కొడుకు ఏం చేస్తున్నాడు? "తల దించుకుని నిలబడతాడు" అని రాశావు. ఎంతసేపని నిలబడతాడు? ఆ పాత్ర వేసే కుర్రాడికి చేతులెక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు. తండ్రి ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడని నువ్వే రాశావు. జీవితమంతా బస్సులో జనం ముఖాలు చదివిన మనిషి, ఎవడి జేబులో డబ్బుల్లేవో చూడగానే పట్టేసే మనిషి, కన్నకొడుకుని నిలబెట్టి అరుస్తాడా?

నేనైతే ఇలా ఆలోచిస్తాను. పార్కులో తండ్రి దగ్గరికి వెళ్ళడు. కొడుకు బెంచీ మీద ఒక్కడే బాక్సు తెరుచుకుని తింటుంటే దూరం నుంచి చూసి వెనక్కి తిరిగిపోతాడు. రాత్రి భోజనాల దగ్గర తల్లి ఎప్పట్లాగే "బెండకాయ వేపుడు బాగుందా, మీ ఆఫీసులో వాళ్ళు తిన్నారా?" అంటుంది. కొడుకు బాగుందమ్మా, అందరూ తిన్నారు అంటాడు. తండ్రి కంచంలోంచి తల ఎత్తకుండా, "రేపట్నుంచి వాడికి మంచినీళ్ళ సీసా కూడా పెట్టవే, ఎండలు ముదిరాయి" అంటాడు. కొడుకు చేతిలో ముద్ద ఆగిపోతుంది. ఏసీ ఆఫీసులో కూర్చునేవాడికి ఎండతో పనేంటి? తండ్రికి తెలిసిపోయిందని కొడుక్కి తెలిసింది, ప్రేక్షకుడికి అంతా తెలుసు, గొడవ లేదు, ఏడుపు లేదు. ఆ ముద్ద పట్టుకున్న చెయ్యి దగ్గర కుర్రాడికి చేయడానికి ఎంత పనుందో చూడు. ఇదే రాయమని నేననడం లేదు, నీ తండ్రి పాత్ర నాకంటే నీకే బాగా తెలుసు. కానీ ఆ పేజీన్నర తీసి పక్కన పెట్టి, ఒక్క మాటలో తండ్రి ఏమంటాడో వెతుకు.

వర్క్‌షాప్‌లో ఆయన ఏదైనా సీను చదివి చూపిస్తే ముఖం చూస్తూ ఉండిపోకు. అభిమానం కదా, కళ్ళు అక్కడికే పోతాయి, నాకు తెలుసు. గొంతు విను. ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడు, ఏ మాట మింగేస్తున్నాడు, కామా పెట్టిన చోట ఆగుతున్నాడా లేక ఆగకుండా పోతున్నాడా, ఇవి రాసుకో. సెల్ఫీ సంగతి ఆఖరి రోజు సాయంత్రం చూసుకోవచ్చు, తప్పకుండా దిగు, మీ అమ్మకు పంపు.

ఆయన లేని సెషన్లు ఎగ్గొట్టొద్దు. స్టార్ గదిలోంచి వెళ్ళగానే సగం మంది టీ కొట్టు దగ్గరికి వెళ్ళిపోతారు, నువ్వు కూర్చో. 2009లో కమల్ హాసన్ చెన్నై ఐఐటీతో కలిసి స్క్రీన్‌ప్లే వర్క్‌షాప్ పెడితే ఫ్రాన్స్ నుంచి జాన్ క్లోద్ కారియేర్ అంతటి రచయిత వచ్చి పాఠం చెప్పాడు. కమల్ పేరు చూసి చేరినవాళ్ళకు కారియేర్ దొరికాడు. మీ దాంట్లో కూడా ఎవరో ఎడిటరో, డైలాగ్ రైటరో ఉంటారు, వాళ్ళు చెప్పేదే నీకు రేపు పనికి రావచ్చు. ముఖ్యంగా ఎడిటర్ ఉంటే వదలొద్దు.

ఇంకో సంగతి, ఇది కాస్త జాగ్రత్తగా విను. స్టార్ చెప్పేది గొప్పదే, కానీ ఆయన ఏ కథనైనా తన పాత్ర వైపు నుంచే చదువుతాడు. అది తప్పు కాదు, ఆయన పని అది. నటనా రచనా రెండూ తెలిసినవాళ్ళు మనకు లేకపోలేదు. గొల్లపూడి మారుతీరావు, తనికెళ్ల భరణి రచయితలుగా వచ్చి నటులయ్యారు, అడివి శేష్ నటిస్తూనే తన సినిమాలకు కథా స్క్రీన్‌ప్లే రాసుకుంటున్నాడు. అయినా హీరో కళ్ళతో చూసినప్పుడు చిన్న పాత్రలు ఇంకా చిన్నవైపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఎలివేషన్, ఇంట్రో, ఇంటర్వెల్ బ్యాంగ్ గురించి ఆయన చెప్తుంటే హాలంతా ఊగిపోతుంది, నువ్వూ ఊగు, కానీ నీ సీన్లో ఆ తల్లిని మర్చిపోకు. రోజూ పొద్దున్నే లేచి ఆ బాక్సు కట్టేది ఆవిడే. ఆవిడకి తెలుసా తెలియదా? ఆ ప్రశ్న ఏ హీరో అడగడు, రచయితే అడగాలి.

ఎక్సర్‌సైజులు ఇస్తారు కదా, వాటికి ఈ పార్కు కథ వాడకు. అక్కడికక్కడ కొత్తది అల్లుకో. అప్లికేషన్‌లో అక్కడ రాసినవాటి మీద హక్కులు ఎవరివని ఉందో సంతకం పెట్టే ముందు చదువు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, అది నువ్వు రాసిన రచనను కాపాడుతుంది కానీ వట్టి ఆలోచనని కాపాడదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది. "ఉద్యోగం పోయినోడు పార్కులో కూర్చుంటాడు" అని టీ తాగుతూ చెప్పేశావనుకో, దాని మీద రేపు నువ్వు గట్టిగా నిలబడలేవు. సీన్లుగా, డైలాగులుగా పూర్తిగా రాసుకుంటే అది నీది, రాసిన క్షణం నుంచే నీది. రిజిస్ట్రేషన్ అనేది రేపు గొడవ వస్తే చూపించుకోవడానికి ఒక సాక్ష్యం. కాపీరైట్ ఆఫీసులో ఇలాంటి రచనకి ఫీజు 500 రూపాయలు, ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, ముంబైలో స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్ ఉంది, ఇక్కడ మన తెలుగు సినీ రచయితల సంఘం ఉంది. నీ పార్కు కథ పూర్తి డ్రాఫ్ట్ అయ్యాక ముందు ఆ పని చెయ్యి.

ఫార్మాట్ గురించి టెన్షన్ పడుతున్నావు, అంత అక్కర్లేదు. స్క్రిప్టులో ఒక పేజీ అంటే తెర మీద ఒక నిమిషం అనే లెక్క ఇంగ్లిష్‌లో కొరియర్ అనే ఫాంట్‌లో 12 పాయింట్ అక్షరాలకు పుట్టింది, తెలుగు ఫాంట్‌లో అది పని చేయదు. మన పాత పద్ధతిలో ఎడమ పక్క యాక్షన్, కుడి పక్క డైలాగ్ రాస్తారు, కొంతమంది డైరెక్టర్లకు ఇప్పటికీ అదే ఇష్టం. వర్క్‌షాప్‌లో ఏది నేర్పితే అది నేర్చుకో. సీను లెంగ్త్ తెలియాలంటే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, మౌనాలతో సహా పైకి చదువు.

అన్నిటికంటే ఎక్కువగా పక్కన కూర్చున్నవాళ్ళని చూసుకో. స్టార్ ఆఖరి రోజు కారెక్కి వెళ్ళిపోతాడు, ఆయన నంబర్ నీకు దొరకదు, దొరికినా మేనేజర్‌కి మెసేజ్‌లు పెట్టి విసిగించొద్దు. ఆ హాల్లో నీలాగే రాసేవాళ్ళు నలుగురు దొరుకుతారు. రోజూ రాసేవాళ్ళెవరో, ఊరికే మాట్లాడేవాళ్ళెవరో రెండో రోజుకే తెలిసిపోతుంది. ఆ రాసేవాళ్ళతో కలిసి వారానికొకసారి బంజారాహిల్స్‌లో లామకాన్‌కి పోయి ఒక మూల కూర్చుని ఒకరి సీన్లు ఒకరు పైకి చదవండి. నీ సీను నువ్వు చదవకు, ఇంకొకరితో చదివించు. వాళ్ళు ఎక్కడ తడబడితే అక్కడ గీత పెట్టుకో. ఆదివారం మ్యాట్నీకి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కి వెళ్ళి, నువ్వు అంతకుముందే చూసేసిన సినిమాకి టికెట్ తీసుకుని ఈసారి జనాన్ని చూడు, ఫోన్లు ఏ సీన్లో బయటికి వస్తాయో చూడు.

నీ రాత ఆయనకి నచ్చి "బాగుంది" అంటే సంతోషపడు, ఒక రాత్రి ఎగిరి గంతెయ్యి. ఏది బాగుందో కూడా అడుగు, ఎందుకంటే "బాగుంది" ఒక్కటే పట్టుకుని ఇంటికొస్తే తిరగరాయడానికి ఏమీ ఉండదు. నచ్చలేదంటే బాధ పడతావు, సహజం. ఆ సాయంత్రం మాత్రం ఏదీ చింపెయ్యొద్దు, డిలీట్ చెయ్యొద్దు.

వర్క్‌షాప్ అయిన వారంలోపే భోజనాల సీను తిరగరాసి పంపు. నేను చెప్పిన నీళ్ళ సీసా వద్దు, నీదే ఏదో ఒకటి కనిపెట్టు. ఫోన్ చేసి కథలా చెప్పకు, నీ గొంతు బాగుంటుంది, వింటే నాకు అన్నీ బాగున్నట్టే అనిపిస్తాయి. రాసి పంపు, పీడీఎఫ్ చేసి పంపు, పోయినసారి ఫైల్ నా ఫోన్‌లో తెరిస్తే ఒత్తులన్నీ చెదిరిపోయాయి.

మీ అక్క