నిజాం నవాబు పేపర్‌వెయిట్‌గా వాడిన వజ్రం: కథ ఎంత, నిజం ఎంత?

"ఏడో నిజాం కోట్ల విలువైన వజ్రాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకునేవారట, నిజమేనా?" అని అడిగారు.

అది జేకబ్ వజ్రం. బరువు 184.75 క్యారెట్లు, అంటే దాదాపు 37 గ్రాములు. పొడవు సుమారు 4 సెంటీమీటర్లు, గుప్పిట్లో పట్టేస్తుంది. హైదరాబాద్ సొత్తు కాబట్టి గోల్కొండ వజ్రమే అనుకుంటారు చాలామంది. కాదు, ఇది దక్షిణాఫ్రికాలో దొరికింది.

1891లో అలెగ్జాండర్ జేకబ్ అనే వ్యాపారి దీన్ని ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు అమ్మజూపాడు. బేరం చెడింది. అడ్వాన్స్ డబ్బు దగ్గర గొడవ ముదిరి కేసు కలకత్తా హైకోర్టు దాకా వెళ్లింది. జేకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు, కానీ వ్యాపారంలో మళ్లీ కోలుకోలేదు. రాజీ కుదిరాక వజ్రం నిజాం చేతికి వచ్చింది. ఇంత తలనొప్పి తెచ్చిన రాయి మీద ఆయనకు మనసు విరిగిపోయిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఇక్కడి నుంచి కథ. తండ్రి పోయిన కొన్నేళ్లకు, చౌమహల్లా ప్యాలెస్‌లో ఆయన బూటు ముందు భాగంలో ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఈ వజ్రం దొరికిందట. బూటు సంగతి తరతరాలుగా చెప్పుకుంటున్నదే తప్ప రుజువు కావడం కష్టం. పేపర్‌వెయిట్ మాట మాత్రం దాదాపు అందరూ ఒప్పుకుంటారు.

1995లో నిజాం నగలతో పాటు దీన్నీ కేంద్ర ప్రభుత్వం రూ.218 కోట్లకు కొన్నది. తర్వాత సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు కూడా.