సింగపూర్ యాత్ర: పెద్దవారి మోకాళ్లు, శాకాహారం, పిల్లల ఉత్సాహం

నమస్కారం అండీ. శాకాహారులైన అత్తగారిని మోకాళ్ల నొప్పులతో సింగపూర్‌లో ఎలా తిప్పాలని, పిల్లలకు విసుగు రాకుండా ఏమేమి చూపించాలని అడిగారు. పగటి ఎండలో నడక తగ్గించుకుంటే మీ సమస్య సగం తీరుతుంది.

గార్డెన్స్ బై ది బే అనే పెద్ద ఉద్యానవనంలోని క్లౌడ్ ఫారెస్ట్‌కు (మొక్కలు పెంచే అద్దాల భవనం) మధ్యాహ్నం వెళ్లండి. లోపల చల్లగా ఉంటుంది. 35 మీటర్ల జలపాతాన్ని చూసి పిల్లలు కేరింతలు కొడతారు, పెద్దావిడ లిఫ్టులో పైకి వెళ్లవచ్చు. సాయంత్రం 7:45కు సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన నిర్మాణాలు) కింద ఉచితంగా జరిగే దీపాల ప్రదర్శనను కూర్చునే చూడవచ్చు.

భోజనానికి లిటిల్ ఇండియా ఉండనే ఉంది. సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌లో పూర్తి శాకాహారమే దొరుకుతుంది. అదే రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ ఆలయం ఉంది కనుక, ఉదయం దర్శనం చేసుకుని భోజనానికి వెళ్లడం సుఖం. అయితే అన్ని పూటలూ ఇడ్లీ, దోశలే తింటే విదేశం వెళ్లినట్లే ఉండదు. స్థానిక వంటకాలు దొరికే హాకర్ సెంటర్లలో (చిన్న చిన్న తిండి అంగళ్లన్నీ ఒకేచోట ఉండే ప్రాంగణాలు) మాత్రం జాగ్రత్త అవసరం: ఆకుకూర వేపుడులో కూడా బెలాచన్ అనే రొయ్యల ముద్ద కలుపుతారు, లక్సా అనే నూడుల్స్ వంటకం పులుసులో ఎండు రొయ్యలుంటాయి, కాయా టోస్టులో రాసే కొబ్బరి జామ్‌లో గుడ్డు ఉంటుంది. కొబ్బరిపాలు, బెల్లం పాకం, ఆకుపచ్చని జెల్లీ తీగలు వేసి ఇచ్చే చెండోల్‌ను అత్తగారికి తప్పక రుచి చూపించండి.

సింగపూర్ చేరడానికి ముందు మూడు రోజుల్లోపు అరైవల్ కార్డును (దేశంలోకి వచ్చేవారు ఇవ్వాల్సిన వివరాల పత్రం) సింగపూర్ ప్రభుత్వ వెబ్‌సైటులోనే నింపండి. దానికి రుసుము లేదు.